నిజంగా వేసిన ముడి

కాదండీ ద్వారకానాథ్ గారూ, నాకొక్క మాట ముందే చెప్పుంటే మీ సొమ్మేం పోయేదండీ? "పంతులుగారూ, మాకు విడాకులైపోయాయి, పైకి తెలియకుండా కానిచ్చెయ్యండి, ఆ దంపతుల ముక్క కాస్త దాటెయ్యండి" అని ఒక్క ఫోను. అంతే కదా! నేనేమైనా మిమ్మల్ని కొరుక్కు తినేవాణ్ణా?

ఎవరు చెప్పారంటారా? చెప్తాను. అన్నీ చెప్తాను. ముందు మీరు రోడ్డు చూసి నడపండి.

బెల్టా? పెట్టుకున్నానండీ. ఈ డబ్బాలు ఒళ్ళో ఉండేసరికి మీకు కనపడ్డం లేదు. మీ అత్తగారు రెండు డబ్బాలు కట్టేశారు. పులిహోరా, బూరెలూ. పంతులుగారూ మీకొకటి, ఇంట్లో అమ్మగారికొకటి అన్నారు. వద్దమ్మా అంటే వింటేనా! ఈసారి అమ్మగార్ని కూడా తీసుకురావాలని మాట కూడా తీసుకున్నారు. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

అబ్బ, సిడ్నీలో ఈ విండ్సర్ రోడ్డు శనివారం కూడా ఇంతేనా! కెల్లీవిల్‌లో ఇళ్ళ మీద ఇళ్ళు కట్టుకుంటూ పోతున్నారు గానీ రోడ్డు మాత్రం పల్లెటూరి రోడ్డులానే ఉంచేశారు. పోన్లెండి. వెస్ట్‌మీడ్‌లో మా ఇల్లు చేరేలోపు నాకూ కాస్త వ్యవధి కావాలి. మిమ్మల్నేం మాట్లాడమనను. పొద్దుణ్ణుంచీ నోరు విప్పని మనిషి ఇప్పుడు విప్పుతారా ఏంటి?

నేను మాత్రం ఏం కనిపెట్టగలనండీ! కొత్తింట్లో వ్రతానికి నేనొచ్చేసరికి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. గడపకి పసుపు రాసి ఉంది. దిష్టి తియ్యడానికి బూడిద గుమ్మడికాయ దొరక్కపోతే మీ అత్తగారు సూపర్‌మార్కెట్టు నుంచి కూర గుమ్మడికాయే తెప్పించి సిద్ధంగా పెట్టారు. పొగొస్తే గోల చేసే ఆ అలారానికి శాంతిగారు స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగేశారు. ఎంత ముందుచూపు అనుకున్నాను! మొన్నామధ్య ఒకరింట్లో హోమం సగంలో అలారం మోగి ఫైరింజను వచ్చేసింది లెండి. హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళకి ప్రసాదం పెట్టి పంపించాం.

అంత ముందుచూపున్న మనిషి, మీరిద్దరూ పీటల మీద కూర్చుంటే ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు. ఆవిణ్ణొక్కదాన్నే అనడం లేదండీ. మీరూ ఆలోచించలేదు.

సంకల్పం చెప్పించాను కదా. ఈ దేశం ఏ ద్వీపం కిందకొస్తుందో మా నాన్నగారు నాకు నేర్పలేదు. అమలాపురంలో కూర్చుని ఆయనకి మాత్రం ఏం తెలుసు, కొడుకు ఇక్కడికొచ్చి పడతాడని! ఏదో సర్దుకుని చెప్తుంటాను. దేశం దగ్గర సర్దుకోవచ్చు. "ధర్మపత్నీ సమేతస్య" అన్న దగ్గర ఎలా సర్దుకుంటానండీ? మిమ్మల్ని అనమన్నాను. మీ గొంతు దిగిపోయింది. సంస్కృతం నోరు తిరగడం లేదేమోననుకుని మళ్ళీ అనిపించాను. గట్టిగా అనిపించాను! నా మొహం. ఎంత సిగ్గుగా ఉందో నాకిప్పుడు.

ఉత్తరీయం మీరు తెచ్చుకోలేదు. సిడ్నీలో ఎవరు తెచ్చుకుంటారు కనక! నా బ్యాగులో ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటాను. అదే మీ భుజమ్మీద వేశాను. దాని కొసా శాంతిగారి కొంగూ కలిపి, లోపల వక్కా పసుపుకొమ్మూ పెట్టి ముడేశాను. మీ మామగారు అప్పుడేమన్నారో విన్నారా? "గట్టిగా వెయ్యండి పంతులుగారూ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గట్టిగానే వేశాను.

అప్పుడు మీ భానుశ్రీ ఎక్కడుందో మీరు చూళ్ళేదు. నా పక్కనే ఉంది, అక్షింతల పళ్ళెం పట్టుకుని. కళ్ళు రెండూ నా చేతుల మీదే. ఇక్కడ పుట్టిన పిల్ల కదా, ఇవన్నీ వింతగా ఉన్నాయేమో అనుకున్నాను. వ్రతకథ అయ్యేదాకా కదల్లేదండీ! ఎనిమిదేళ్ళ పిల్ల! పెద్దవాళ్ళేమో సెల్‌ఫోన్లు చెవిన పెట్టుకుని ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. ఉద్యోగాలు పోతున్న రోజులు, ఎవరి గొడవ వాళ్ళది. పిల్ల మాత్రం ఆ ముడిని చూస్తూ అలాగే కూర్చుంది.

తరవాతది మీకూ తెలుసు. హారతైపోయింది. శాంతిగారు ముడి విప్పుకోబోయారు. పిల్ల ఒక్క కేక పెట్టింది, "నో! డోంట్!" అని. ఇంటి నిండా జనం తిరిగి చూశారు. మీ అత్తగారేమో "పోన్లే, సరదా పడుతోంది, భోజనాలదాకా ఉండనియ్యండి" అనేశారు. ఇంకేం చేస్తారు? ఇద్దరూ అలాగే వంటింట్లోకీ, మేడ మీదకీ తిరిగారు. మీరు ఆవిడకి తగలకుండా నడవాలని చూస్తున్నారు. ఆవిడ మీకు తగలకుండా. కొత్త పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూలా ఆ సిగ్గేంటని ఎవరో అన్నారు కూడా!

మీరేమో పెరటి తలుపు దగ్గర మెల్లిగా భుజం వంచి, ఉత్తరీయం జారవిడిచి బయటికెళ్ళిపోయారు. ఎవరూ చూళ్ళేదనుకున్నారు. పిల్ల చూసింది. "డాడ్! యూ డ్రాప్‌డ్ ఇట్!" అని ఆ కొస పట్టుకుని మీ వెనక పరిగెత్తింది. అవతలి కొస వాళ్ళమ్మ కొంగుకే ఉందాయె! పాపం శాంతిగారు పమిట జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని, నేలమీద అరిటాకులు తొక్కుకుంటూ పిల్ల వెనకాలే వెళ్ళారు. అందరూ పడీ పడీ నవ్వారు. ఎవరో వీడియో కూడా తీశారు. నాకూ నవ్వొచ్చిందండీ, ఎందుకు దాచడం? 

పచ్చ లైటు పడింది, పదండి. వెనకవాడు హారన్ కొడుతున్నాడు.

భోజనాలయ్యాక గరాజులో నా సామాను సర్దుకుంటున్నాను. అప్పుడొచ్చింది పిల్ల. వాళ్ళమ్మ చీర మార్చుకున్నట్టున్నారు. ఆ పట్టుచీర మొత్తం ఉండ చుట్టుకుని, దానికి నా ఉత్తరీయం వేలాడుతూ, ముడి ముడిగానే ఉండి, ఆ మూటంతా రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది. మూట వెనక పిల్ల మొహం సగమే కనపడుతోంది.

"పంతులు అంకుల్, కెన్ ఐ ఆస్క్ యూ సమ్‌థింగ్?" అంది. అడుగమ్మా అన్నాను. మన తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. వాకిలి వైపొకసారి చూసుకుని చెప్పింది. "మమ్ అండ్ డాడ్ ఆర్ డివోర్స్‌డ్. ఇట్స్ ఎ సీక్రెట్."

నా చేతిలో గంట కింద పడిందండీ. ఒట్టు, నిజంగానే పడింది.

తాతయ్యకి చెప్పొద్దన్నారట కదా? తాతయ్యకి గుండె ఆపరేషనైంది, తెలిస్తే ఏమైనా అవుతుంది, ఆయన ఇండియా వెళ్ళేదాకా అందరం ఉత్తుత్తికి నటిద్దాం అన్నారట. ఎవరన్నారు, మీరా, శాంతిగారా? ఇద్దరూనా. అయ్యో బాబూ! అంటే ఈ పిల్ల ఒక్క మాట నోరు జారితే తాతయ్య పోతాడన్నమాట. ఎంత బరువండీ అది! స్కూల్లో ఇలాంటి పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడే టీచరమ్మ ఉందట. ఆవిడకీ చెప్పలేదట. సీక్రెట్ కదా మరి!

మీ అత్తగారికి తెలుసా? ఆవిడకి తెలుసన్నమాట. తెలిసే ఆ ముడి ఉండనియ్యమన్నారా! ఆశ, పాపం. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

అది కాదండీ నేను చెప్పొచ్చేది. పిల్ల అసలు ప్రశ్న వినండి. "దే సెడ్ వియ్ ఆర్ ఓన్లీ ప్రిటెండింగ్. బట్ యూ వర్‌న్ట్ ప్రిటెండింగ్, వర్ యూ?" అంది. వాళ్ళు ఉత్తుత్తికి చేశారు, నువ్వు మాత్రం నిజంగానే చేశావు కదా, అని! నువ్వు ముడేసింది నిజం ముడే కదా, అని!

ఏం చెప్పమంటారు నన్ను? లేదమ్మా, నేనూ ఉత్తుత్తికే వేశానని చెప్పనా? మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న దగ్గర్నుంచీ ఏనాడూ ఉత్తుత్తికి వెయ్యలేదే! వారమంతా ఆఫీసులో ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగమే చేస్తాననుకోండి, శని ఆదివారాలు పంచె కట్టుకుంటే మాత్రం అక్షరం మింగను. పోనీ అవునమ్మా, నిజం ముడే అందామా? నేను నోరు తెరిచేలోపే అంది పిల్ల, "సో డాడ్స్ స్టేయింగ్, రైట్?" అని. నాన్న ఇంక ఇక్కడే ఉంటాడు కదా అని. మేడ మీద మంచం మీద మీకో తలగడ కూడా పెట్టి వచ్చిందట. నీలం గళ్ళ గలీబు వేసి. మీకదే ఇష్టమట కదా?

బాబూ, పక్కకి తీసి ఆపుకోండి కావాలంటే. వద్దా? సరే, మెల్లిగా పోనివ్వండి.

 మీ నాన్నగార్ని అడిగి చెప్తానమ్మా అన్నాను. తప్పించుకున్నాననుకున్నాను. "ఓకే. ఐల్ వెయిట్" అంది. మనం బయల్దేరుతుంటే గరాజు తలుపు దగ్గర ఆ చీర మూట పట్టుకుని నిలబడింది చూశారా? మీకు చెయ్యి ఊపుతోందని మీరూ ఊపారు. నేను జవాబు తీసుకొస్తానని పిల్ల నాకు ఊపిందండీ.

ఏంటీ? నన్నే ఫోన్ చేసి చెప్పెయ్యమంటారా? విడాకులైనవాళ్ళకి ఆ మంత్రం పనిచెయ్యదమ్మా, ఆ ముడి చెల్లదమ్మా అని? బాగుందండీ! ఆ ఇంట్లో ఇవాళ నటించనివాణ్ణి నేనొక్కణ్ణేనని ఆ పిల్ల నమ్మింది. ఆ ఒక్కడూ నేనూ నటించానమ్మా అంటే ఇంక ఎవరి మాట నమ్మాలండీ అది? చెప్పండి. 

కోపం కాదు. మీరెందుకు విడిపోయారని నేనడగను. ఆ రోజులు నాకు తెలీవా? మీరేమో వై టూ కే, కంప్యూటర్లలో తేదీలు సరిచెయ్యాలి అని పగలూ రాత్రీ ఆఫీసులోనే. ఆవిడకి హాస్పిటల్ ల్యాబులో షిఫ్టులు. ఒకరు తాళం తీస్తుంటే ఒకరు తాళం వేసుకోవడం. కాంట్రాక్టు ఉద్యోగంలో వచ్చే డబ్బు చూసుకుని కెల్లీవిల్‌లో స్థలం కొన్నారు. గోడలు లేచేసరికి మనుషులు విడిపోయారు. ఆ బిల్డరు కాస్త తొందరగా కట్టుంటే ఏమయ్యేదో! ఏమీ అయ్యేది కాదులెండి. ఊరికే అంటున్నాను.

మామగారు తట్టుకోలేరంటారా? ద్వారకానాథ్ గారూ, ఆయనకి తెలుసు.

బ్రేకెందుకు వేశారండీ! వెనక బస్సొస్తోంది. పోనివ్వండి, పోనివ్వండి.

భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నారు. పెరుగన్నం కలుపుకుంటూ, ఎవరికీ వినపడకుండా అన్నారు. "మేమొచ్చి చాలా రోజులైందండీ. అల్లుడుగారు మేం లేవకముందే ఆఫీసుకెళ్ళిపోతారనీ, మేం పడుకున్నాక వస్తారనీ మా అమ్మాయి చెప్తుంది. బాత్‌రూములో గడ్డం గీసుకునే సామాను మాత్రం ఎక్కడా కనపడదు."  నాకప్పటికి ఏమీ తెలీదు కదా, మిషనుతో గీసుకుంటారేమోనండీ, అది బ్యాగులో పెట్టుకుంటారేమో అన్నాను! ఆయన నా వంక ఓసారి చూసి, "అయ్యుంటుంది" అన్నారు. "నేను చూశానని మా అమ్మాయితో అనకండి, బాధపడుతుంది" అన్నారు.

చూశారా! ఆయన కూతురి కోసం తెలియనట్టున్నారు. కూతురు ఆయన కోసం దాచింది. మీరు ఆవిడ మాట కాదనలేక కూర్చున్నారు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనమంతా ఆ పిల్ల నెత్తిన పడింది.

నాకెందుకింత గొడవంటారా? పంతులు పంతుల్లా ఉండక, అని. అనలేదా? మనసులో అనుకున్నారులెండి.

రెండువేల సంవత్సరం జనవరి ఒకటి గుర్తుందా మీకు? పారమట్టాలో మనిద్దరం ఒకే ఆఫీసు. మీరు పై అంతస్తులో ప్రోగ్రాములు రాసేవాళ్ళతో, నేను కింద టెస్టింగువాళ్ళతో. తేదీల్లో రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు చేసీ చేసీ కళ్ళు పీక్కుపోయాయి మనకి. తీరా తెల్లారేసరికి ఏ కంప్యూటరూ కూలిపోలేదు. లిఫ్టులు నడుస్తున్నాయి, కుళాయిల్లో నీళ్ళొస్తున్నాయి. మేనేజరు కేకు కోశాడు. మీరు టేబులెక్కి గంతులేశారు. నేను ఫోనొచ్చిందని మెట్ల దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చాక మీరే అడిగారు, ఏంటి శేషాచలం గారూ, కళ్ళెర్రబడ్డాయని. నిద్ర లేదన్నాను.

ఆ ఫోను చేసింది మా అబ్బాయి. కార్తికేయ. మెల్‌బోర్న్ నుంచి. మీ భానుశ్రీకన్నా కాస్త పెద్దవాడు అప్పటికి. "డాడ్! నథింగ్ క్రాష్‌డ్! సో యూ ఆర్ కమింగ్ హోమ్ నౌ?" అన్నాడు.

ముందు నాకేం అర్థం కాలేదు. తరవాత తెలిసింది. వాళ్ళమ్మ చెప్పిందట, నాన్న సిడ్నీలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు, వై టూ కే అయిపోగానే వచ్చేస్తాడు అని. మా సుమని తప్పుపట్టనండీ. ఏడ్చే పిల్లాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా! వాడు దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. స్కూల్లో పిల్లలంతా విమానాలు పడిపోతాయట, కరెంటు పోతుందట అని భయపడుతుంటే వీడొక్కడూ ఆ రోజు ఎప్పుడొస్తుందా అని కాచుకున్నాడట.

అవునండీ. మాకూ అయిపోయింది. మీకన్నా ముందే. ఇక్కడెవరికీ చెప్పలేదు. మా ఆవిడది మెల్‌బోర్న్‌లో ఉద్యోగం అంటాను. అబద్ధం కాదు కదా, ఉద్యోగమే. దంపతుల్ని పీటల మీద కూర్చోబెట్టేవాడికే పెళ్ళాం లేదంటే ఎవరు పిలుస్తారండీ? మీ అత్తగారు ఈ రెండో డబ్బా కట్టేవారా?

మెట్ల మీద కూర్చున్నాను ఫోను పట్టుకుని. పైన మీరందరూ చప్పట్లు. ఇంకో అబద్ధానికి దారుంది చూశారూ! ఫిబ్రవరి ఇరవై తొమ్మిది ఉంది కదా, ఆ లీపు సంవత్సరం తేదీ కూడా సరిచూడాలని మన ప్లాన్లోనే ఉందాయె. ఇంకా పనుందిరా నాన్నా, ఫిబ్రవరి దాటాక వస్తానంటే వాడు నమ్మేవాడు. నాకోసం ఇంకొన్నాళ్ళు కాచుకునేవాడు. నిజం చెప్పద్దూ, నోటిదాకా వచ్చింది. ఎవరో ఒకరు మనకోసం కాచుకుని ఉంటే ఎంత బాగుంటుందండీ!

అనలేదు. "రాన్రా. పనైపోయినా రాను. అమ్మా నేనూ విడిపోయాం. నువ్వు చేసిందేం లేదు" అన్నాను.

 ఊపిరి వినపడుతోంది ఫోన్లో. తరవాత "ఓకే" అన్నాడు. ఆ వెంటనే "కెన్ ఐ హావ్ యువర్ చైర్?" అన్నాడు. కంప్యూటర్ ముందు నా కుర్చీ ఉండేది లెండి, గిరగిరా తిరిగేది. అది నేను తీసుకోవచ్చా అని! తీసుకోరా అన్నాను. ఇంకేమంటాను?

సుమ తరవాత చెప్పింది. ముందు కోప్పడింది, ఫోన్లోనా చెప్పేది అని. నిజమే, ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాటది. కానీ ఆ వారం నుంచీ వాడు రాత్రుళ్ళు సరిగ్గా పడుకున్నాడట. అంతకుముందు వీధిలో కారు ఆగితే చాలు, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడట.

మంచే జరిగిందంటారా? ఆఁ, వాడికి మంచే జరిగింది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. ఎలా ఉన్నావురా అంటే "గుడ్" అంటాడు. స్కూలెలా ఉందిరా అంటే "గుడ్" అంటాడు. అన్నం తిన్నావురా అంటే "యా, గాట్టా గో డాడ్, ఫుటీ" అంటాడు. ఫుట్‌బాల్ ఆడుకోవడానికి పోతాడు. ఆడుకోవాలి కదా మరి! నిజం చెప్తే పిల్లలు మనకి దగ్గరైపోతారని ఎవరైనా అంటే నమ్మకండి ద్వారకానాథ్ గారూ. మనకోసం ఎదురుచూడ్డం మానేస్తారు. అంతే. అది వాళ్ళకి ఆరోగ్యం. మనకి ఎలా ఉంటుందన్నది మన గొడవ.

మరి ఎందుకు చెప్పమంటున్నానంటారా? మీరు చెయ్యూపి వచ్చేసిన ఆ పిల్ల ఇవాళ రాత్రి మేడ మీద మంచం పక్కన కూర్చుంటుందని. తలగడ సర్దుతుందని. అందుకు.

మీరు మీ పారమట్టా ఫ్లాటుకి పోకండి ఇవాళ. నన్ను దింపేసి కారు వెనక్కి తిప్పండి. నా ఉత్తరీయం ఉండిపోయిందని చెప్పండి, ఇంట్లోకి వెళ్ళడానికి ఏదో వంక కావాలి కదా! శాంతిగార్ని పిలవండి. ఆ చీర మూట ముందర పెట్టుకుని ముగ్గురూ కూర్చోండి. వెయ్యడానికైతే మంత్రం ఉంది నాకు. విప్పడానికి మా నాన్నగారు ఏమీ నేర్పలేదు. మీ మాటలే చెప్పుకోండి. పంతులు అంకుల్ నిజంగానే వేశాడమ్మా, మేమే నిజంగా కూర్చోలేదు, అది మా తప్పు, నీది కాదు అనండి. గట్టిగా వేశాను, కాస్త గోళ్ళతో లాగాల్సొస్తుంది. పిల్ల చెయ్యి కూడా పడనివ్వండి.

తలగడ సంగతి మీరే చెప్పాలి. ఇక్కడ పడుకోనమ్మా, ఫలానా రోజొస్తాను అనాలి. అన్నాక ఆ రోజు రావాలి. కాంట్రాక్టు పోయినా, కొత్తదొచ్చినా రావాలి. మీ మామగారి ముందే చెప్పండి. ఆయనేం కూలిపోరు. ఆయనకి కావలసింది కూడా ఎవరో ఒకరు పైకి అనడమే అనుకుంటాను.

ఏడుస్తుందా? ఏడుస్తుంది. కేకలేస్తుంది. మిమ్మల్ని పొమ్మంటుంది కూడానేమో. కూర్చోండి.

ఇదిగో, ఎడమ పక్కకి. ఆ ఎర్ర ఇటుకల ఫ్లాట్ల ముందు ఆపండి. అబ్బ, శ్రావణమాసంలో ఈ చలేంటండీ, ఎన్నేళ్ళున్నా అలవాటు కాదు నాకు. ఇంకా సాయంత్రమే, అప్పుడే చీకటి పడిపోయింది.

ఆ సంచీ నేను తీసుకుంటాను, హోమగుండం ఇంకా కాస్త వెచ్చగానే ఉంది. ఇదిగో, ఈ రెండో డబ్బా మీరు ఉంచండి. మొహమాటపడకండి. ఒక్కణ్ణి ఎన్నని తింటాను? మీరు పొద్దుణ్ణుంచీ మెతుకు ముట్టలేదు, చూశాను. అత్తగారు అడిగితే అమ్మగారు చాలా బాగున్నాయన్నారని చెప్పండి. వద్దు, వద్దు. అదీ చెప్పొద్దు. నా సంగతి చెప్పాలనిపిస్తే చెప్పేయండి. పిలిస్తే పిలుస్తారు, మానితే మానేస్తారు.

ఏదీ? ఆఁ, అదే మా ఇల్లు, పైనున్నది. లైటు వెలుగుతోందా? లేదండీ, ఎవరూ రాలేదు. ఎవరొస్తారు? పొద్దున వచ్చేటప్పుడు నేనే వేసొచ్చాను. రోజూ వేస్తాను. కింద నుంచి చూస్తే ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. మెట్లెక్కి తాళం తీసేదాకా చాలు నాకది.

నా గొడవకేంలెండి. తిప్పండి కారు. ఆ పిల్ల ఇంకా గరాజు దగ్గరే నిలబడి ఉంటుంది. మీరెళ్ళి చెప్తే రేపట్నుంచి నిలబడదు. చెప్పకపోయినా ఇంకొన్నాళ్ళకి నిలబడదు.

ఇవాళ్టికి నిలబడి ఉంది. వెళ్ళండి.